యూనిస్ దగ్గు, అక్క కషాయం

అమీర్‌పేట,
18 జూన్ 2000

అక్కా,

నీ ఉత్తరాలు ప్రభువు నామంలో మొదలవుతాయి. నేనలా మొదలుపెడితే ఆయనకే నవ్వొస్తుందని మానేశాను. బావకి నా నమస్కారాలు చెప్పు.

నిన్న నీ కూతురి పాఠం వినడానికి వెళ్ళాను. మైత్రీవనంలో లిఫ్టు దగ్గర ఆ తోపులాట చూసి ఎవరో సినిమా నటుడు వచ్చాడనుకున్నాను. తీరా చూస్తే అందరూ మన యూనిస్ క్లాసుకే. నిరుడు ఇదే గదిలో బెంచీ మీద కూర్చుని నేర్చుకున్న పిల్ల, ఇవాళ మైకు పట్టుకుని నేర్పుతోంది. ఇంజనీరింగు చదివిన గడ్డాలవాళ్ళు అది బోర్డు మీద ఏం గీస్తే అది గీసుకుంటున్నారు. జావా అట. పదో తరగతి లెక్కల దగ్గరే రెండుసార్లు బోర్లా పడ్డవాణ్ణి, నాకే ఏదో అర్థమైనట్టు అనిపించింది. పక్కన కూర్చున్న కుర్రాడు, "అంకుల్, మీరూ లైన్ మారుతున్నారా?" అని అడిగాడు. హాస్టల్ నడిపి విసుగొచ్చింది, వచ్చే నెల నుంచి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్నే అని చెప్పాను. నమ్మాడు. ఈ పేటలో ఏం చెప్పినా నమ్ముతారు.

నువ్వు బస్సులో పంపిన కషాయం సీసా అందింది. పిల్లకి కాస్త గొంతు గరగర, అంతే. ఏసీ గాలి, రోడ్డు దుమ్ము. మా మేడ మీద గదిలో హాయిగా ఉంది. నీ మరదలు దాన్ని నాకంటే బాగా చూసుకుంటోంది. నువ్వు కంగారుపడకు.

నీ తమ్ముడు
శాంతిరాజు

—

పాలకొల్లు,
2 జూలై 2000

తమ్ముడు శాంతిరాజుకి,

దేవుడు నీ ఇంటిని చల్లగా కాపాడాలని కోరుకుంటూ అక్క రాస్తున్నది.

గరగర అని రాశావు. ఆదివారం ఆరాధన అయ్యాక ఫోను చేస్తే అది మూడు మాటలకొకసారి దగ్గింది. వేసవి సెలవుల్లో ఇక్కడికి వచ్చినప్పుడూ దగ్గుతూనే ఉంది. గరగరకీ దగ్గుకీ తేడా తెలియనిదాన్ని కాను. నాన్న దగ్గు విన్న చెవులివి. ఆయనా మొదట్లో దుమ్మే అన్నారు. శానటోరియంలో చేర్చే రోజు దాకా దుమ్మే అన్నారు. నువ్వు అప్పటికి చిన్నవాడివి, ఆయన మంచం కింద దూరి ఆడుకునేవాడివి. నేను గిన్నె పట్టుకుని పక్కన నిలబడేదాన్ని.

ఇంకో సీసా పంపుతున్నాను. మిరియాలు, శొంఠి, పిప్పళ్ళు, తులసి, తాటిబెల్లం. ఈసారి మిరియాలు బాగా దంచి వేశాను. రాత్రి అన్నం తిన్నాక, పడుకోబోయే ముందు గ్లాసు నిండా వేడిగా తాగించు. తాగాక మాట్లాడకుండా పడుకోవాలి. క్రిస్మస్ పాటలకి ముందు పాస్టరు గారు మా గాయకబృందం అందరికీ నా చేతే కాయిస్తారు. మా బడిలో ఏ టీచరు గొంతు పోయినా మా ఇంటికే వస్తారు.

నిజం రాయి. వేళాకోళాలు తర్వాత.

అక్క
యేసుమణి

—

అమీర్‌పేట,
6 ఆగస్టు 2000

అక్కా,

ముందు ఆఖరి మాట చెప్పేస్తాను. టీబీ కాదు. ఇప్పుడు కూర్చుని మిగతాది చదువు.

నీకు చెప్పకుండా దాన్ని పంజాగుట్టలో ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఛాయాదేవి గారని పేరు. బయట బెంచీ మీద చాలాసేపు కూర్చోబెట్టారు. ఊసుపోక రకరకాల దగ్గులు దగ్గి చుట్టూ ఉన్నవాళ్ళని నవ్వించాను. మా వంతు వచ్చి లోపలికి వెళ్ళగానే ఆవిడ నా వైపే చూసి, "మొదటిది చుట్టలు కాల్చేవాళ్ళ దగ్గు, రెండోది ఉబ్బసం. మూడోది ఎవరిదండీ?" అని అడిగింది. మా ఇంటి ఓనరుది అన్నాను. "ఆయన్ని తీసుకురండి, మీతో పనిలేదు" అంది. అక్కా, నా ఆటలు సాగని మనిషిని ఇన్నేళ్ళకి చూశాను.

మందు రాసే ముందు ఆవిడ అడిగిన ప్రశ్నలు వినాలి. ఎన్నాళ్ళుగా, ఏ వేళప్పుడు, పడుకుంటే ఎక్కువా, నవ్వితే ఎక్కువా, జ్వరం ఉందా, బరువు తగ్గిందా, బీపీ మాత్రలు వాడుతున్నావా అని. కొన్ని బీపీ మాత్రలకే పొడిదగ్గు వస్తుందట, మాత్ర మారిస్తే పోతుందట. ఇంట్లో సిగరెట్లు తాగేవాళ్ళున్నారా అంటే యూనిస్ నన్ను చూసింది. ఆ రోజు నుంచి నేను తాగడం లేదు. నీ మరదలు డాక్టరమ్మ ఫోటో కావాలంటోంది, గోడకి తగిలిస్తుందట.

దగ్గు ఇన్ని వారాలుంటే ముందు టీబీ లేదని తేల్చుకోవాలని ఎక్స్‌రే తీయించింది, కఫం పరీక్ష చేయించింది. రెండూ శుభ్రం. అవి వచ్చేదాకా నీకు రాయలేకపోయాను. నాన్న పేరు రాశావు కదా, కలం కదల్లేదు. తర్వాత, ముక్కు వెనక నుంచి నీరు గొంతులోకి దిగితే ఇలాంటి దగ్గు వస్తుందని ముక్కులో కొట్టుకునే మందు, ఎలర్జీ మాత్ర ఇచ్చి చూసింది. తేడా లేదు. తర్వాత ఉబ్బసం ఉందేమోనని గొట్టంలోకి ఊదించింది. కొందరికి ఆయాసం లేకుండా ఉత్త దగ్గుగానే వస్తుందట, పీల్చే మందుతో తగ్గుతుందట. యూనిస్ బాగానే ఊదింది, అదీ కాదు. నేనూ ఊదాను. పిల్ల కంటే తక్కువే వచ్చింది. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది.

ఇప్పుడు అసలు చిక్కు. ఇన్‌స్టిట్యూట్ ఓనరు మొగిలయ్య మంచివాడే గానీ వ్యాపారస్తుడు. నా ముందే యూనిస్‌తో అన్నాడు: "మేడమ్, మీ సబ్జెక్టుకు వంక వెట్టేటోడు లేడు. గానీ మైకుల దగ్గుతుంటే వెనకున్న పోరగాళ్ళు నవ్వుతున్నరు. డిసెంబర్ల కొత్త బ్యాచ్ డెమో ఉంది. అప్పటిదాంక జర మంచిగ చేసుకోండ్రి. లేకుంటే వేరేటోళ్ళను చూసుకుంట." డెమో అంటే ఉచితంగా చెప్పే మొదటి పాఠం. అది నచ్చితేనే పిల్లలు చేరతారు. ఆ రోజు దగ్గిందంటే ఈ కొలువు పోయినట్టే. యూనిస్ పైకి ఏమీ అనదు. రాత్రిళ్ళు దిండులో మొహం పెట్టుకుని దగ్గుతుంది, మాకు వినబడకూడదని.

శాంతిరాజు

—

పాలకొల్లు,
20 ఆగస్టు 2000

తమ్ముడూ,

నీ ఉత్తరం మొదటి వాక్యం చదివి కూర్చోమన్న చోటే కూర్చుండిపోయాను. మీ బావ మంచినీళ్ళు తెచ్చిచ్చారు. ఆదివారం గుడిలో కృతజ్ఞత చెల్లించాము.

నువ్వు ఒక మనిషిని ఇంతగా పొగడటం నీ పెళ్ళి తర్వాత ఇదే చూడటం. ఆ డాక్టరమ్మకి నా వందనాలు చెప్పు. కాకపోతే పరీక్షలన్నీ ఏమీ లేదని తేల్చాయి గాని, ఏముందో చెప్పలేదు కదా. అందుకే కషాయం మానొద్దు. సీసాలు శుభ్రంగా ఖాళీ అయి తిరిగి వస్తున్నాయి. పిల్ల మాట వింటున్నందుకు సంతోషం.

ఆ కొలువు దానికి ఎంత ముఖ్యమో నాకు తెలుసు. చిన్నప్పుడు మా బడి వరండాలో నా కుర్చీ ఎక్కి గోడకి పాఠం చెప్పేది. గోడ సరిగ్గా వినడం లేదని కొట్టేది కూడా.

అక్క

—

అమీర్‌పేట,
24 సెప్టెంబరు 2000

అక్కా,

డాక్టరమ్మ పట్టేసింది. దగ్గు ఊపిరితిత్తుల్లోంచి కాదట, కడుపులోంచి అట. నవ్వకు. నేను నవ్వితే ఆవిడ బొమ్మ గీసి చూపించింది. కడుపులో పులుపు ఉంటుంది కదా, అది పైకి ఎగదన్ని గొంతు దాకా వస్తే గుండెల్లో మంట లేకపోయినా దగ్గు వస్తుందట. మన పిల్ల క్లాసు రాత్రి ఎనిమిదికి మొదలై తొమ్మిదిన్నరకి అవుతుంది. ఇంటికొచ్చి ఆకలి మీద ఆవకాయ కలుపుకుని తిని వెంటనే పడుకుంటుంది. పడుకోగానే దగ్గు. పొద్దున లేవగానే గొంతు బొంగురు. అన్నీ సరిగ్గా సరిపోయాయి.

పొద్దున పరగడుపున ఒక గొట్టం మాత్ర. రాత్రి తిండికీ పడకకీ మధ్య మూడు గంటలు ఎడం. మంచానికి తలవైపు కోళ్ళ కింద ఇటుకలు. కాఫీ తగ్గించాలి, కారం తగ్గించాలి. తగ్గడానికి వారాలు పడుతుంది, నెలలు కూడా పట్టొచ్చు, మధ్యలో మానేయొద్దంది. అందుకని సాయంత్రం ఆరింటికే క్యారేజీ పట్టుకుని మైత్రీవనం మెట్ల మీద కూర్చుంటున్నాను. మేనకోడలు తింటుంటే కాపలా. నన్ను చూసి భోజనాలు సప్లై చేసేవాణ్ణనుకుని ఇద్దరు ఆర్డరిచ్చారు. ఒకడికి రేపటి నుంచి పంపిస్తానని మాటిచ్చాను.

డాక్టరమ్మ ఇంకో ముక్క కూడా అంది గానీ అదేమంత పెద్ద విషయం కాదులే. నీ కషాయానికి మాత్రం ఇక్కడ మంచి గిరాకీ. ఒక్క చుక్క మిగలడం లేదు.

శాంతిరాజు

—

పాలకొల్లు,
22 అక్టోబరు 2000

శాంతిరాజుకి,

మా బడిలో సోషల్ చెప్పే హైమవతి గారు నిన్న మా ఇంటికి వచ్చారు. వాళ్ళ తారక్ నీ హాస్టల్లోనే ఉంటాడు కదా. దసరాకి వచ్చినవాడు తల్లికి ఏదో చెప్పి వెళ్ళాడట. ఆవిడ చేతిలో ఖాళీ సీసా. "టీచరు గారూ, మీరు శాంతిరాజు గారికి పంపే జ్ఞాపకశక్తి కషాయం మా రెండోవాడికి కూడా కాస్త పోయండి, వాడు ఇంటర్లో ఉన్నాడు" అన్నారు.

జ్ఞాపకశక్తి కషాయమేమిటని అడిగాను. ఆవిడే చెప్పుకుపోయారు. హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక కుర్రాళ్ళందరూ గ్లాసులు పట్టుకుని వరసలో నిలబడతారట. నువ్వు గరిటెతో పోస్తావట. అది తాగితే జావా తలలో నిలుస్తుందని చెప్పావట. తారక్‌కి పరీక్షలో మంచి మార్కులు కూడా వచ్చాయట.

నా కూతురి కోసం రోట్లో దంచి, గంటలకొద్దీ పొయ్యి దగ్గర నిలబడి కాచినది నువ్వు వేళాకోళానికి పంచిపెట్టావు. పైగా చుక్క మిగలడం లేదని రాశావు. డాక్టరమ్మ అన్న ఆ ఇంకో ముక్క ఏమిటి? నాకు చెప్పకూడనిదా? దాని జబ్బు నువ్వు చెప్పినది కాదా? ఉన్నదున్నట్టు రాయి. లేకపోతే నేను బస్సెక్కుతాను.

యేసుమణి

—

అమీర్‌పేట,
29 అక్టోబరు 2000

అక్కా,

బస్సెక్కకు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

జబ్బు నేను చెప్పినదే. ఆ రోజు డాక్టరమ్మ, రాత్రి పడుకునే ముందు ఏం తీసుకుంటావని అడిగింది. యూనిస్ ఏమీ లేదంది. అబద్ధం కాదు, అది నీ కషాయాన్ని మందుల్లోనూ లెక్కేయలేదు, తిండిలోనూ లెక్కేయలేదు. మన ఇళ్ళల్లో ఎవరు లెక్కేస్తారు? అమ్మ ఇచ్చింది, తాగాం, అంతే. నేనే నోరు ఊరుకోక, వాళ్ళమ్మ పంపే మిరియాల ఘాటుకి మా ఇంట్లో బల్లులు కూడా ఇల్లు ఖాళీ చేశాయని అన్నాను. ఆవిడ కలం కింద పెట్టేసింది. ఎంత, ఎప్పుడు, తాగాక ఏం చేస్తుంది అని ఒక్కొక్కటీ అడిగింది. తర్వాత మెల్లగా అంది: "మామూలు జలుబుకి ఎప్పుడైనా కాస్త తాగితే తప్పేం లేదండీ. ఈ అమ్మాయి జబ్బు వేరు. నిండుకడుపు మీద గ్లాసుడు మిరియాలు తాగి నడుం వాలిస్తే, మేము మాత్రతో అణిచింది మళ్ళీ గొంతులోకి వస్తుంది. అది మానేయాలి."

అదీ ఆ ముక్క. నీకు రాయలేక, పెద్ద విషయం కాదని రాసేశాను. నాకు ఎవర్నైనా ఆటపట్టించడం వచ్చు గానీ నిన్ను నొప్పించడం రాదు. సీసాలు పారబోయడానికీ మనసొప్పలేదు. నువ్వు దంచినది కదా. అందుకే కుర్రాళ్ళకి పోశాను. ఉత్తినే తాగమంటే తాగరని జ్ఞాపకశక్తి అని చెప్పాను. తారక్ మార్కులు మాత్రం వాడి సొంతం.

ఇంకో సంగతి కూడా దాచాను. దగ్గు తగ్గలేదు. మొదట్లో కాస్త తగ్గి ఆగిపోయింది. మాత్ర వేసుకుంటోంది, ఇటుకలున్నాయి, ఆరింటికే తింటోంది. డాక్టరమ్మ కూడా కాగితాలన్నీ మళ్ళీ తిరగేసి, ఇంకేదో లోపలికి పోతోంది, గుర్తు తెచ్చుకో అంది. యూనిస్ తల అడ్డంగా ఊపింది. డెమో దగ్గరికొస్తోంది. ఆవిడ మీద నా నమ్మకం పోలేదు గానీ, ఇంత తెలివైన మనిషికి కూడా అంతు చిక్కకపోతే ఎలాగని భయంగా ఉంది. మొగిలయ్య నిన్న ఎవరో కొత్త ఫ్యాకల్టీతో టీ తాగుతూ కనిపించాడు.

తిట్టాలంటే తిట్టు.

నీ తమ్ముడు

—

పాలకొల్లు,
5 నవంబరు 2000

శాంతీ,

ఆ ఇంకేదో నేనే.

నీకు పంపే సీసాలు కాక, మా పాస్టరమ్మ గారు సనత్‌నగర్‌లో కూతురి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆవిడ చేతికి ఇంకో సీసా ఇచ్చి పంపుతున్నాను, నేరుగా యూనిస్‌కి. మావయ్యకి చెప్పకు, వాడు ఎగతాళి చేస్తాడు అని దానికి చెప్పాను. దగ్గు తగ్గలేదని విన్నకొద్దీ మిరియాలు పెంచాను. తగ్గడం లేదు కాబట్టి చాలడం లేదనుకున్నాను. ఇంత చదువు చెప్పేదాన్ని, ఒక్కసారైనా ఇటు నుంచి ఆలోచించలేదు.

నిన్న ఫోను చేసి అడిగాను. ముందు క్లాసు సంగతులేవో చెప్పింది. తర్వాత, "డాక్టరమ్మ మానమన్నాక గ్లాసు సగం చేశానమ్మా. పూర్తిగా మానేస్తే నీకు తెలిసిపోతుందని భయం వేసింది" అంది. నువ్వు నన్ను నొప్పించకూడదని, అది నన్ను నొప్పించకూడదని. ఇద్దరూ కలిసి నన్ను ఏమనుకున్నారురా?

నొప్పి కలగలేదని అబద్ధం చెప్పను. నాన్న మంచం పక్కన నాకు చేతనైనది ఈ కషాయం కాచి ఇవ్వడమొక్కటే. ఆయన తాగి, కాస్త నయంగా ఉందమ్మా అనేవారు. నయం కాలేదని ఇద్దరికీ తెలుసు. ఆ మాట పట్టుకుని ఇన్నేళ్ళు కాచాను. దేవుడి దయవల్ల నా బిడ్డ జబ్బు నాన్న జబ్బు కాదు. కాబట్టి నా మందు కూడా అక్కర్లేదు.

ఉన్న సీసా వంపేయమని దానికి చెప్పాను. ఈ వారంలోనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, వాళ్ళమ్మ చేసిన పని పూర్తిగా చెప్పమన్నాను. నువ్వు కూడా వెళ్ళు. అక్కడ నన్ను వెనకేసుకు రాకు.

అక్క

—

అమీర్‌పేట,
10 డిసెంబరు 2000

అక్కా,

నువ్వు రాసినదంతా ఆవిడ ముందు పెట్టాము. ఆవిడ తిట్టలేదు. "మీ అమ్మగారు స్వయంగా చెప్పారా? నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది అమ్మలు ఇలా చెబితే నాకు సగం ఎక్స్‌రేలు తగ్గేవి" అని నవ్వింది. మందు మార్చలేదు, అదే కొనసాగించమంది. ఒక వారం గడిచింది, రెండు గడిచాయి. దిండులో దగ్గు వినబడటం మానేసింది. ఒకసారి నాకే అనుమానమొచ్చి మేడ మెట్ల మీద చెవి పెట్టి విన్నాను. గురక వినిపించింది. అది బావగారి వంశం నుంచి వచ్చింది, నాకు సంబంధం లేదు.

నిన్న డెమో. హాలు నిండిపోయి కిటికీల దాకా నిలబడ్డారు. మొగిలయ్య ఆ కొత్త ఫ్యాకల్టీని కూడా తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు, ఎందుకైనా మంచిదని. నేను వెనక గోడకి ఆనుకుని ఉన్నాను. గంటన్నర సేపు ఒక్కమాట మాట్లాడలేదు. నా జీవితంలో అంతసేపు నోరు మూసుకున్నది అదే మొదటిసారి. యూనిస్ మొదలుపెట్టింది. మధ్యలో ఒకసారి ఠక్కున ఆగింది. నేను గోడ వదిలి నిటారుగా నిలబడ్డాను. మొగిలయ్య ముందుకు వంగాడు. ఏం లేదు, చివర్న ఎవడో చెయ్యెత్తాడు, వాడి సందేహం వినడానికి ఆగింది. విని, జవాబు చెప్పి, మళ్ళీ అందుకుంది. ఒక్కసారి కూడా దగ్గలేదు.

అసలు సంగతి ఇప్పుడు. పాఠం అయ్యాక మొగిలయ్య మైకు తీసుకుని, మేడమ్ బ్యాచ్ రోజూ రాత్రి ఎనిమిదికి అని చెప్పబోయాడు. నీ కూతురు మైకు ఇవ్వలేదు. చాలా మర్యాదగా అంది: "సార్, రాత్రి బ్యాచ్ ఇక నేను చెప్పను. డాక్టరు గారు వేళకి తినమన్నారు. పొద్దున ఏడింటికి అయితే చెప్తాను. ఏడింటికి రాగలిగేవాళ్ళు చేతులెత్తండి."

అక్కా, ఈ ఊళ్ళో ఓనరు ముందు ఫ్యాకల్టీ అలా అనడం నేను వినలేదు. పోస్టర్లు రాత్రి టైముతోనే అచ్చయిపోయాయి. ఆ కొత్తవాడు రాత్రి బ్యాచ్‌కి సిద్ధంగా కూర్చునే ఉన్నాడు. కొలువు చేతికొచ్చిన నిమిషంలోనే దాన్ని పందెం పెట్టింది. హాల్లో వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒక చెయ్యి, పక్కనే ఇంకోటి, ఆ తర్వాత లెక్కపెట్టడం నావల్ల కాలేదు. మొగిలయ్య హాలు చూశాడు, దాన్ని చూశాడు. "సరే మేడమ్, పోస్టర్ల మీద ఏడు గంటలని చీటీ అతికిపిస్త తియ్యిండ్రి" అన్నాడు.

నేను ముప్ఫై ఏళ్ళుగా అందర్నీ ఆటపట్టిస్తున్నాను. ఎప్పుడూ పక్కకి తప్పుకునే దారి చూసుకునే చేశాను. ఈ పిల్ల దారి చూసుకోలేదు. తప్పు ఒప్పుకుని ఉత్తరం రాసిన మనిషి కడుపున పుట్టింది కదా, ఆ పోలిక నీదే.

శాంతిరాజు

—

పాలకొల్లు,
15 డిసెంబరు 2000

తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. చేతులెత్తిన చోట మళ్ళీ చదవమన్నారు. తర్వాత హైమవతి గారికి చదివాను. గురక ముక్క దాటేశాను.

క్రిస్మస్ పండుగ అయిన మర్నాడు బయలుదేరుతున్నాను. చేతుల్లో ఏ సీసా ఉండదు, సోదా చేసుకోవచ్చు. ముందు పంజాగుట్ట వెళ్ళి ఆ డాక్టరమ్మని కళ్ళారా చూడాలి. మర్నాడు పొద్దున ఏడింటికి మైత్రీవనంలో, వెనక గోడ దగ్గర, నీ పక్కన నిలబడతాను. ఆ జావా నాకు అర్థం కానక్కర్లేదు. పాఠం చెప్పేటప్పుడు దాని మొహం ఎలా ఉంటుందో చూస్తే చాలు.

నేను వస్తున్నట్టు దానికి చెప్పకు. దాచిపెట్టడంలో నీకున్న తెలివంతా ఈ ఒక్కసారి నాకోసం వాడు.

నీ అక్క
యేసుమణి